హెడ్‌లైటు వెనక చిన్న రంధ్రం

మొన్న ముసురు పట్టిన పొద్దున, మైలార్‌దేవ్‌పల్లిలో నేనొక్కణ్ణే కిరాయికుంటున్న ఇంటి మెట్లు దిగుతుంటే, కింది వాటాలో ఉండే గోదావరి వైపు కుర్రవాడు తన కారు ముందు గొంతుక్కూర్చుని కనిపించాడు. విమానాశ్రయంలో ఉద్యోగం, తెల్లవారితే పరుగు, మనిషి మాత్రం మర్యాదస్తుడు. కొత్తగా వేయించుకున్న హెడ్‌లైటు అద్దం లోపల సన్నని నీటి చుక్కలు పట్టి ఉంటే, పాపం, బయటినుంచి గుడ్డతో తుడుస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే పాత సంగతొకటి గుర్తొచ్చింది. చేతిలో చాయ్ గ్లాసుతో అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, విమానాశ్రయం తెరిచిన కొత్తలో శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ల రైతుబిడ్డలు ఎంతమంది కార్లు కొని కిరాయికి తిప్పారో. అప్పుడు బెంగుళూరు రోడ్డు పక్కన మా బావకూ నాకూ కలిపి ఒక రేకుల షెడ్డు ఉండేది. బావంటే మా అక్క పెనిమిటి. బండ్ల వైరింగు పని నాకు చెయ్యి పట్టి నేర్పింది ఆయనే. కంపెనీ లైటు పగిలితే దాని ధర వినే ధైర్యం లేని డ్రైవర్లు బయటి మాల్ తెచ్చి మాతో బిగించుకునేవాళ్లు. చూడ్డానికి అచ్చం కంపెనీదే అనిపించేది గానీ, అతుకుల దగ్గర గమ్ము పేరుకే ఉండేది, మొదటి వానకే లోపల చెమ్మ చేరేది.

బావ ఆ లైట్లను వెనక మూతలు తీసి, రేకుల కప్పు మీద అప్పడాలు ఆరబెట్టినట్టు వరుసగా ఎండలో పెట్టేవాడు. బూట్ల డబ్బాల్లో వస్తాయే, చెమ్మ పీల్చే చిన్న పొట్లాలు, వాటిని చెప్పుల దుకాణంలో అడిగి తెచ్చి, ఆరేదాకా లోపల ఉంచి తీసేసేవాడు. అతుకులన్నిటికీ ఓపిగ్గా గమ్ము పట్టించేవాడు గానీ, లైటు వెనక ఉండే చిన్న రంధ్రం జోలికి మాత్రం నన్ను పోనిచ్చేవాడు కాదు. "లైటు వేడెక్కితె గాలి బయటికి పోవాలె, సల్లబడితె లోపలికి రావాలె. జర దాన్ని ఊపిరి తీసుకోనియ్యి బామ్మర్దీ" అనేవాడు. వాన లోపలికి రావద్దంటూ కిటికీ తెరిచిపెట్టే తెలివి నీదేనని నేను ఎగతాళి చేసేవాణ్ణి. అప్పటికి పని వచ్చేసిందన్న పొగరు నాకు బాగానే ఉండేది.

ఒకరోజు మంఖాల్ డ్రైవరు ఒకతను కారు మా దగ్గర వదిలి ఏదో పనిమీద వెళ్లాడు. బావ సామాన్లకని పట్నం పోయి ఉన్నాడు. ఆ రెండు గంటల్లో లైట్లు ఆరబెట్టి, అతుకులతో పాటు ఆ రంధ్రాలు కూడా గమ్ముతో మూసేసి, బావ వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు బిగించేశాను. వారం రోజులు లైట్లు మెరిసిపోయాయి. ఆ తర్వాత ముసురు పట్టింది, అతుకుల్లోంచి ఎలాగో చేరిన తడి బయటికి పోయే దారిలేక లోపలే నిలిచిపోయింది. ఇంకా చీకటి విడవకముందే విమానాశ్రయానికి బయల్దేరిన డ్రైవరుకు, మసకబారిన వెలుతురులో మలుపు దగ్గరి కంకర కుప్ప కనిపించలేదు. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి విరిగింది.

చేతికి కట్టుతో, కారును తాడు కట్టి లాగించుకుని మా షెడ్డుకు వచ్చాడు. బావ లైటు విప్పి, రంధ్రంలోంచి గమ్ము ముద్దను గోటితో పెకలించి వెలుతురులో పట్టి చూశాడు. చుట్టూ నలుగురైదుగురు చేరారు. "గిది ఎవరు మూసిండ్రన్నా?" అని అడిగాడు డ్రైవరు.

"మా బావ" అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది జారిన నోరు కూడా కాదు, భయపడిన నోరు. బావ నా వైపు ఒక్కసారి చూశాడు. నలుగురిలో పెళ్లాం తమ్ముడి పరువు తీస్తే పెళ్లాం మొహం చిన్నబోతుందనుకున్నాడో ఏమో, డ్రైవరుకు రెండు చేతులూ జోడించి "తప్పయింది తమ్మీ" అన్నాడు. ఆ నెల తిరక్కుండానే తన పానాలు, స్క్రూడ్రైవర్లు మూటగట్టుకుని షాద్‌నగర్ వెళ్లిపోయాడు. అక్కకు నిజం ఎన్నడూ చెప్పలేదని తర్వాత తెలిసింది.

ఆ దసరాకు తానే వచ్చాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలయ్ బలయ్ తీసుకుని, పట్టుకున్న నా చేతులు వదలకుండా కొంతసేపు అలాగే నిలబడ్డాడు. నా నోటినుంచి ఆ ఒక్క మాట వస్తుందని ఎదురుచూశాడని నాకు తెలుసు. నేను చాయ్ తాగుతావా బావా అని అడిగాను. తాగాడు, వెళ్లాడు. చెబుదాం చెబుదామనుకుంటూ నేను ఏళ్లు గడిపేశాను, ఆయన పోయాడు, వెనకే అక్కా పోయింది. రోడ్డు వెడల్పులో షెడ్డు కూడా పోయింది. ఇప్పుడు లైటు పాడైతే విప్పేవాళ్లు లేరు, పారేసి కొత్తది బిగిస్తారు. ఆ పని గురించి, ఆ మనిషి గురించి మాట్లాడుకుందామంటే నాకు తోడు ఒక్కరూ మిగల్లేదు.

ఇంతలో కుర్రవాడు గమ్ము ట్యూబు తెచ్చి, బానెట్ ఎత్తి, ట్యూబు మూతి సరిగ్గా లైటు వెనకున్న ఆ రంధ్రానికి ఆనించాడు. గబగబా దిగి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. అతుకులు మూసుకో నాయనా, దాన్ని మాత్రం వదిలెయ్యి, గాలి పోవాలి అన్నాను. అతను ఆశ్చర్యంగా చూసి, "ఈ సంగతి మీకెవరు చెప్పారండీ అంకుల్?" అన్నాడు.

"మా బావ" అన్నాను.

అవే రెండు మాటలు. ఈసారి నిజమే చెప్పాను, వినవలసిన మనిషి లేడు.