మందుల డబ్బా తాళం

నారాయణఖేడ్‌లో మాతో పనిచేసినవాళ్లు ఎక్కడ కలిసినా ఒక కథ చెబుతారు. స్లాబు వేసే రోజున ఒక ఆడమనిషిని పనిలోంచి తీసేస్తుంటే నేను గుత్తేదారుకు అడ్డం నిలబడ్డానట. వినడానికి బాగుంటుంది. చాలా ఏళ్లు నేను కూడా తలూపుతూ విన్నాను. కానీ అది నిజం కాదు.

అప్పుడు నేనొక ఫంక్షన్ హాలు కడుతున్న చోట సూపర్‌వైజర్‌ని. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్నాయి, ఊరు దాటితే సిగ్నల్ ఉండేది కాదు. గుత్తేదారు ఒక మందుల డబ్బా తెచ్చి ఇచ్చాడు. తెల్లటి రేకు డబ్బా, మీద ఎర్ర ప్లస్ గుర్తు. లోపల దూది, పట్టీలు, టించర్ సీసా, చిన్న కత్తెర, నొప్పుల బామ్. వారం తిరక్కుండానే బామ్ ఖాళీ అయింది. సాయంత్రం పని దిగితే నడుము నొప్పి లేనిదెవరికి? దూది దీపం వత్తులైంది. ఆ కత్తెరతో ఒకాయన తీరిగ్గా మీసాలు కత్తిరించుకుంటుంటే నేనే పట్టుకున్నాను. మళ్లీ అన్నీ తెప్పించి డబ్బాకు తాళం వేశాను. చాబీ పోకుండా నా మోటారుసైకిల్ చాబీతో పాటే ఒకే రింగుకు తగిలించాను. నిజంగానే అది పోలేదు. బండి ఎటు పోతే అటు పోయేది. ఆ సంగతి మాత్రం నాకు తట్టలేదు.

తాళం పడ్డాక ఆ డబ్బా నా సొంత బీరువా అయింది. దువ్వెన, చేతి అద్దం, మొహం తెల్లబడే క్రీము, జుట్టుకు వేసే నల్లరంగు పొట్లాలు అందులో చేరాయి. నాకప్పటికే చెవుల పక్కన నెరిసింది. అది సైటులో ఎవరికీ తెలియదని నా నమ్మకం.

మా దగ్గర స్లాబు పడిందంటే దావత్ ఉండాల్సిందే. కొబ్బరికాయ కొట్టి కాంక్రీటు కలిపే మిల్లర్ తిప్పుతారు, పని దిగాక మేకపోతును కోసి యాటకూర తింటారు. ఆ రోజు పొద్దున్నే వంటమనిషిని బండి వెనక ఎక్కించుకుని యాట కోసం కల్హేర్ వైపు పోయాను. యాటను ఆయన ఒళ్లో పెట్టుకుని వెనక్కి వచ్చేసరికి అందరూ నీళ్లకుండ దగ్గర గుమిగూడి ఉన్నారు.

మధ్యలో మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. ఖేడ్‌లోనే పుట్టి పెరిగినవాడు, మేమంతా చాచా అనేవాళ్లం. చివరి చువ్వలు కట్టిస్తుంటే ఒకటి ఆయన అరచేతిని చీల్చింది. పక్కన తట్టలు మోసే ముఠా పెద్ద, కంగ్టి వైపు నుంచి వచ్చినామె. సుత్తెతో తాళం పగలగొట్టి, గాయం కడిగి, దూది ఒత్తిపెట్టి గట్టిగా పట్టీ చుట్టింది. చాచా చెయ్యి దించకుండా తనే పైకి ఎత్తి పట్టుకుంది.

నా వెనకే గుత్తేదారు కారు వచ్చి ఆగింది. ఆయన చూపు ముందు పడింది పగిలిన తాళం మీద.

"ఎవరు పగలగొట్టిండ్రు?" అని నన్నే అడిగాడు.

"ఆమెనే సేటూ," అన్నాను.

అది అబద్ధం కాదు. చాబీ నా చేతిలోనే ఉందన్న మిగతా సగాన్ని మింగేశాను. మెల్లగా కాలితో డబ్బా మూత కూడా మూశాను.

"ఇయ్యాల తాళం పగలగొట్టినామె రేపు స్టోరు పగలగొట్టదా? నువ్వు పో. నీ ముఠాను గూడ తీస్కపో."

ఈ పని పోతే వాళ్లు మూటలు కట్టుకుని కూలి వెతుక్కుంటూ మళ్లీ బీదర్ దాకా పోవాల్సిందే. అయినా ఆమె చాచా చెయ్యి వదలలేదు. "పోత సేటూ. ముందుగాల గీ చెయ్యి జూడు. తాళం సంగతి తర్వాత జూద్దువు."

"ఆమె పోతే నేను గూడ పోత. స్లాబు నువ్వే పోస్కో," అన్నాడు చాచా.

"ఏంది చాచా, గిప్పుడా పరేషాన్ చేసుడు?"

"నేనా పరేషాన్ జేసేది? చాబీ ఏడికి పోయిందో నీ సూపర్‌వైజర్‌ని అడుగు. యాటను తేనీకి కల్హేర్ పోయింది!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె వంగి డబ్బా మూత తీసింది.

"సారు సామాను జూడు సేటూ. ఏది రాయాల్నో తెల్వక ఆగమైన. గీ క్రీము రాద్దమంటే, ఒక్క చెయ్యే తెల్లగైతది వద్దన్నడు చాచా."

"నల్లరంగు రాస్తె గాయం పడుచుదైతుండె," అన్నాడు చాచా, నొప్పికి పళ్లు బిగబట్టి.

గుత్తేదారు ఒక పొట్లం తీసి చూశాడు. తర్వాత నా నెత్తిని చూశాడు. ఇక నవ్వు మొదలైంది. మిల్లర్ తిరుగుతున్నంత చప్పుడు. వంటమనిషి బండి మీది నుంచే అరిచాడు: "జల్దీ నవ్వుండ్రి! యాట నా ఒళ్లె ఉచ్చ పోసింది!"

కళ్లు తుడుచుకుని గుత్తేదారు ఆమెతో, "డబ్బా ఇగ నీ దగ్గర్నే ఉంచు," అన్నాడు. చాచాను తన కారులోనే దవాఖానకు తీసుకుపోయాడు. చాచా కుట్లు వేయించుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని, చెయ్యి పైకెత్తి, నోటితోనే స్లాబు మొత్తం పోయించాడు. డబ్బాను నీళ్లకుండ పక్క పిల్లరుకు కట్టుతీగతో నేను వేలాడదీశాను. దానికి తాళం లేదు. అది మాత్రమే చూసినవాళ్లు, నేను ఆమె పక్షాన నిలబడ్డానని తర్వాత కథ అల్లారు. నేను దిద్దలేదు. దావత్‌లో ఆమె నా విస్తట్లో మూలుగున్న నల్లిబొక్క వేసి, "తిను తమ్మీ, సిగ్గువడకు," అంది. నేను తిన్నాను. చాబీ తప్పు నాదేనన్న మాట మాత్రం నా నోటి నుంచి రాలేదు.

కొన్నేళ్లకు ఆమె కంగ్టి దగ్గర తన ఊళ్లో సొంత ఇల్లు కట్టుకుంటూ స్లాబుకు నన్ను పిలిచింది. కొత్త కూలీలకు ఎవరో నా గొప్పతనం చెబుతున్నారు. ఆమె వింటూ నావైపు చూసింది.

"నెత్తి నొస్తున్నదా తమ్మీ? డబ్బల మందున్నది, తీస్కో."

నీళ్లకుండ పక్కనే అదే రేకు డబ్బా వేలాడుతోంది. మూత తీస్తే దూది మీద ఒక దువ్వెన. పిల్లరు చాటున ఆమె, చాచా నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని ఊగిపోతున్నారు. అప్పటికి నా నెత్తిన రంగు వేయడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకున్నాను. కూలీల మధ్యకు పోయి, కథ చెబుతున్నాయనను ఆపి, ఆ రోజు చాబీ ఎక్కడుందో అక్కడి నుంచి అసలు సంగతి మొదలుపెట్టాను.