తప్పు చేయడం రాని మర

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో గ్రే స్ట్రీట్ పక్క సందులో, బట్టల కొట్టు పై అంతస్తులో మా ఆఫీసు. తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చాక కరెంటు కనెక్షన్ల కోసం జనం తండోపతండాలుగా దరఖాస్తులు పెడుతున్న రోజులవి. ఆ దరఖాస్తు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు కంప్యూటర్లోనే నడిచేలా మేం సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. దాన్ని మనిషి బదులు మర చేత, అంటే తానే బటన్లు నొక్కే ఇంకో ప్రోగ్రాము చేత, పరీక్ష చేయించడానికి నన్ను కాకినాడ నుంచి పిలిపించారు.

అంతవరకూ ఆ పని చేసింది, నేను అక్కా అని పిలిచే ఆఫీసావిడ. డర్బన్ దగ్గరి టోంగాట్ ఊరి మనిషి. ఆమె ముత్తాత చెరకు తోటల్లో కూలికి మన కోస్తా నుంచి ఓడెక్కి వచ్చాడట. సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు జరిగినా ఆమె ప్రతి గడీ మళ్లీ నింపి, ప్రతి బటనూ మళ్లీ నొక్కి చూడాలి. రెండు రోజుల పని. నా మరకైతే ఆమె ఎలా నొక్కుతుందో ఒక్కసారి చూపిస్తే చాలు, పొల్లు పోకుండా తానే చేసేస్తుంది.

అది మొదటిసారి నడిచిన రోజు నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. మౌసు మీద ఎవరి చెయ్యీ లేదు, బాణం గుర్తు మాత్రం తెర మీద పరుగులు! పేరు పడుతోంది, చిరునామా పడుతోంది, గుర్తింపు కార్డు నకలు జతపడుతోంది, దరఖాస్తు పై అధికారి బల్లకు వెళ్లిపోతోంది. ఇరవై నిమిషాల్లో అన్నీ పచ్చ గుర్తులే, ఎక్కడా తప్పు లేదని. "అక్కా, చూడు చూడు!" అని అరిచాను.

ఆమె చూసింది. "యో! భలే ఉంది మెషీను. మరి నాకేం పని తమ్ముడూ?"

మేనేజరు ముందే చెప్పాడు: శుక్రవారం విద్యుత్ శాఖ వాళ్ల ముందు మర గెలిస్తే, అక్క ఉద్యోగం నెలాఖరుతో సరి. ఆ ముక్క ఆమెకూ తెలుసు. తెలిసీ తన చేతి పనంతా నా మరకు నేర్పింది. నేనేమో తైతక్కలాడుతున్నాను. సిగ్గేసింది. అయినా అబద్ధమెందుకు, సంబరం తగ్గలేదు.

శుక్రవారం ఆ శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. అక్కడి జులూ జాతి మనిషి, కౌంటర్లో కొత్తగా చేరిన గుమాస్తా. మర నడిచింది. అన్నీ పచ్చే. చప్పట్లు. "ఏదీ, నేనూ ఒకటి పంపుతాను" అని ఆవిడ కూర్చుని చకచకా నింపి పంపింది. పై బల్లకు దరఖాస్తు చేరింది గానీ గుర్తింపు కార్డు నకలు లేదు. మళ్లీ పంపింది. మళ్లీ లేదు.

మేనేజరు నావైపు గుడ్లురిమి చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మరను మళ్లీ నడిపాను. పచ్చ! ఇంకోసారి. పచ్చ! "దీని దుంపతెగ!" అని బల్ల గుద్దాను.

"అరవకు తమ్ముడూ," వెనక నుంచి అక్క. "ఆ అమ్మ సేవ్ నొక్కలా. నేను నొక్కుతా కదా, పేజీ పేజీకీ. ముందు నేను పన్జేసిన చోట కంప్యూటర్ ఊరికే ఆగిపోయేది. అప్పటి అలవాటు."

అంతే, ఎగిరి గంతేశాను! సేవ్ నొక్కకుండా పంపితే జతచేసిన కాగితం ఊడిపోతోంది. నా మర అక్క జాగ్రత్తను అచ్చు గుద్దినట్టు నేర్చుకుంది. జాగ్రత్త లేని మనిషిని అది ఎన్నడూ చూడలేదు. "అక్కా, ఇంకా ఎన్ని రకాల తప్పులు చేయొచ్చు?"

"అబ్బో, శానా!" అంటూ కుర్చీ లాక్కుంది. ఇంటి నంబరు గడిలో 'చర్చి పక్కన' అని కొట్టింది. పుట్టిన తేదీ ఖాళీగా వదిలేసింది. పేరు సగం రాసి వెనక పేజీకి వెళ్లింది. సాయంత్రానికి మా సాఫ్ట్‌వేర్ ఏడు చోట్ల చతికిలబడింది. ప్రతిదానికీ నేను కేకలు, ఆ జులూ ఆవిడ చప్పట్లు.

"ఇవన్నీ నీకెలా తడుతున్నాయి?" అని మేనేజరు ఇంగ్లీషులో అడిగాడు. అక్క జవాబు నాకు చెప్పింది, తెలుగులో.

"మా అమ్మ చేసిన తప్పులే తమ్ముడూ. తెల్లోళ్ల రోజుల్లో కౌంటర్ కాడ ఒక్క తప్పుంటే పేపర్ మొహం మీద ఇసిరేసి, గో హోమ్ అనేవాళ్లు. ఆమె చెయ్యి పట్టుకుని నేను లైన్లో నిలబడ్డా. ఎన్నిసార్లో."

ఆ మాట మేనేజరుకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన, "సోమవారం ఆమెకు కొత్త ఒప్పందం రాయిస్తాను, ఈ తప్పులు చేసే పనికే" అన్నాడు.

జులూ ఆవిడ ఇంకో కుర్చీ లాగి అక్క పక్కన వేసుకుంది. "జరుగు సిస్టర్," అంది, "మా అమ్మ చేసినవి కూడా చెప్తాను."