పేరు లేని చీటీలు

భూపాలపల్లిలో బొగ్గుబావుల క్వార్టర్ల పక్కనున్న బడిలో నేను జీవశాస్త్రం చెప్పేదాన్ని. రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ చేసేవారు. ముందు కిటికీ అద్దాలు సన్నగా వణికేవి, చప్పుడు ఆ తర్వాత వినబడేది. పిల్లలకు అలవాటే. నాకే ఎన్నేళ్లయినా కాళ్ల కింద నేల నమ్మబుద్ధి కాలేదు.

ఒక ఏడు, ఎదిగే పిల్లల ఆరోగ్యం గురించి పాఠాలు చెప్పమన్నారు. నోరు విడిచి అడగలేని ఆడపిల్లల కోసం తొమ్మిదో తరగతి గదిలో ఒక అట్టడబ్బా పెట్టాను. పేరు రాయకుండా చీటీ వేస్తే శనివారం జవాబు చెప్తానన్నాను. మొదట్లో మొటిమల గురించీ, నెలసరి కడుపునొప్పి గురించీ అడిగారు. మూడో వారం వచ్చిన చీటీలో ఇలా ఉంది: ‘పదహారేండ్ల పిల్లకు పెండ్లయితే, కడుపు రాకుంట గోలీలిస్తరా?’

మరుసటి వారం అదే చేతిరాత: ‘వయసు చెప్తే నర్సమ్మ పోలీసులకు చెప్తదా?’

నాకు జవాబు తెలియక దవాఖాన నర్సును అడిగాను. “చెప్తే ఆ ఇంటి మీద కేసైతది. చెప్పకుంటే నా నౌకరి పోతది. గోలీలు ఇయ్యకుంటే పిల్ల పానం మీదికొస్తది. నువ్వే చెప్పక్కా, ఏం జెయ్యాలె?” అంది.

ఈ చీటీల సంగతి తల్లిదండ్రుల దాకా పోయింది. మీటింగు పెట్టారు. ఇలాంటివి చెప్తే పిల్లలు చెడిపోతారని ఒక తండ్రి అన్నాడు. చెప్పకపోయినా పెళ్లిళ్లు ఆగుతున్నాయా అని ఒక నాయనమ్మ మెల్లగా అడిగింది. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు. హెడ్‌మాస్టరు డబ్బా తీసేయమన్నాడు. నేను నోరెత్తకుండా తీసేశాను.

సోమవారం హాజరు పట్టీ తెరిస్తే అందులో చీటీ ఉంది. ‘డబ్బా తీసేసిన్రు. ఇగ ఎవర్ని అడగాలె?’

ఈసారి ఆ రాతను గుర్తుపట్టాను. తలకట్టు అక్షరానికి అంటకుండా పైన విడిగా తేలుతుంది. రెండేళ్ల కింద నా దగ్గర చదివిన ఒక అమ్మాయి అలాగే రాసేది. ల్యాబు బీరువాలో ఆమె పాత రికార్డు వెతికి పక్కన పెట్టి చూశాను. తేడా లేదు. పదో తరగతి మధ్యలో ఆమెకు గుట్టుగా పెళ్లి చేసి డోర్నకల్ దిక్కు పంపారని విన్నాను. అంత దూరం నుంచి నా పట్టీలోకి చీటీ ఎలా వచ్చింది?

ఆమె చెల్లెలు మా తొమ్మిదో తరగతిలోనే ఉంది. ఆ పిల్ల నోటుబుక్కులు చూశాను. గుండ్రటి వేరే రాత. అయినా అన్నం బెల్లు కొట్టాక పిలిచి అడిగాను.

“నేనే రాసిన మేడం. అక్క చెప్తది, నేను రాస్త.”

“ఫోన్లో చెప్తుందా?”

తల అడ్డంగా ఊపింది. “అక్క లేదు మేడం. దసరా ముంగట సచ్చిపోయింది.” తన కుడిచేతిని, పరాయి వస్తువును చూసినట్టు చూసుకుంది. “చెయ్యి నాదే గని అక్షరాలు అక్కయి వస్తయి.”

ఆ వానాకాలం చివర పది రోజులు జ్వరమని ఈ పిల్ల బడికి రాలేదు. ఆ పది రోజులకు పట్టీలో ఎర్ర గీతలు పెట్టింది నేనే.

సాయంత్రం వాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను. తల్లి తలుపు దగ్గరికి వేసి చెప్పింది. కడుపుతో ఉన్న పెద్దపిల్లకు ఏడో నెలలో ఫిట్స్ వచ్చాయి, దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. వయసు బయటపడితే కేసవుతుందని అత్తవారి ఊళ్లోనే దహనం చేసి వచ్చారు. చీటీలు చూపిస్తే తల్లి ముఖం తెల్లబోయింది.

“గోలీలేడ దొరుకుతయని పెద్దది నాకు ఫోన్ల అడిగింది. సిగ్గులేదా అని పెట్టేసిన. గీ మాటలన్నీ గప్పుడు అడిగినయే. చిన్నదానికెట్ల తెల్సినయి మేడం? అది నిరుడు హాస్టల్ల ఉండి చదువుతుండె.”

లోపలి గదిలో చిన్నమ్మాయి గోడవైపు తిరిగి సన్నగా మాట్లాడుతోంది. మధ్యమధ్య ఆగుతోంది, అవతలివాళ్ల మాట విన్నట్టు.

మర్నాడు నేనూ తల్లీ కలిసి ఆ పిల్లను నర్సు దగ్గరికి, ఆమె చెప్పిన మీదట మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. హెడ్‌మాస్టరును మళ్లీ మీటింగు పెట్టమని అడిగాను. ఈసారి నేనే మాట్లాడదామని కాగితం రాసుకున్నాను. ఆ అవసరం రాలేదు. వెనక వరుసలోంచి తల్లి లేచి నిలబడింది.

“మా పెద్దదానికి పదహారు. కడుపుతోని సచ్చిపోయింది. ఇన్ని రోజులు ఎవ్వలకు చెప్పలే,” అని కూర్చుంది.

మొన్న చెడిపోతారన్న తండ్రి తల వంచుకున్నాడు. నెలకొకసారి నర్సు బడికి వచ్చి ఆడపిల్లలతో విడిగా మాట్లాడేట్టు ఆ రోజే ఒప్పుకున్నారు. గోలీల మాట మాత్రం తేలలేదు. బయట మెట్ల మీద ఇద్దరు అప్పటికే దాని గురించి వాదించుకుంటున్నారు. తల్లి వస్తుంటే ఇద్దరూ మాట ఆపి, పక్కకు జరిగి దారి ఇచ్చారు.