వెదురు క్వార్టర్ల విశాలాక్షి గారు

విశాలాక్షి గారు పోయారని మంగళవారం పొద్దున జనక్‌పురిలోని వాళ్ళింటి నుంచి ఫోన్ వస్తే నేను నమ్మలేదు. ఆదివారమే ఆమె చేతి గుత్తివంకాయ తిని వచ్చినవాణ్ణి. ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపుకంటే నవ్వే ముందు వస్తోంది.

ప్రభుత్వ క్వార్టర్లు కేటాయించే విభాగంలో చాలా ఏళ్ళు ఆమె కింద పనిచేశాను. నియమనిష్ఠ, ప్రసన్నవదనం రెండూ ఒకేచోట నేను చూసింది ఆమెలోనే. రిటైరయ్యాక ఆ అధికారమంతా బాల్కనీలోని వెదురు గడల మీద చెలాయించారు. చిక్కుడు పాదుకని తెచ్చిన ఆ గడలకు గుండ్రటి కన్నాలు తొలిచి నల్లని తుమ్మెదలు కాపురం పెట్టాయి. కవులు తామరపూలలో చూపించే తుమ్మెద అసలు చిరునామా ఎండిన కర్ర అని నాకు అక్కడే తెలిసింది.

భర్త సుబ్బారావు గారికి అవంటే పడేది కాదు. పేపరు మీద అవి తొలిచిన వెదురు పొట్టు రాలుతోందని రోజూ సణుగుడే.

"తేనైనా ఇవ్వవు కదే, పీకి పారెయ్."

"మన కుండీల్లో వంకాయలిస్తున్నాయిగా. పువ్వు పట్టుకుని అవి ఝుమ్మని ఊపితేనే పుప్పొడి రాలేది. పోనీ, మీరు ఊపండి చూద్దాం."

ఆయన ఇంకో వంకాయ వడ్డించుకునేవారు.

ఒక దీపావళి ముందు సున్నాలు వేయిస్తుంటే, సాయం చేస్తున్నాననుకుని ఆ కన్నాలన్నీ పుట్టీతో పూడ్చేశాను. ఆమె కేకలెయ్యలేదు. తలలోని పిన్ను తీసి ఒక్కొక్క కన్నమూ తవ్వుతూ, "నోటీసివ్వకుండా ఖాళీ చేయిస్తావటయ్యా? నా దగ్గర నేర్చుకున్నది ఇదేనా?" అన్నారు. సాయంత్రానికి ఒక తుమ్మెద ఒళ్ళంతా తెల్లపొడితో బయటికొచ్చింది. అప్పుడుగానీ నాకు టీ ఇవ్వలేదు.

మంగళవారం పాడెకు వెదుళ్ళు తెచ్చే మనిషి ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడు. నోయిడాలో ఉద్యోగం చేసే ఎదురింటి తెలుగాయన బాల్కనీకేసి చూసి, "అచ్ఛా, ఇక్కడే ఉన్నాయి కదండీ అంకుల్" అంటూ తాళ్ళు విప్పబోయాడు. నేను నోరు తెరిచేలోపే సుబ్బారావు గారు లేచి వెళ్ళి అడ్డంగా నిలబడ్డారు.

"అవి ఖాళీ లేవు బాబూ. మా ఆవిడ అలాట్ చేసేసింది."

అందరం ఇంకో గంట ఆగాం. తన చివరి ప్రయాణం కూడా నిబంధన ప్రకారమే జరిగిందని తెలిస్తే ఆమె ఎంత మురిసిపోయేవారో. అటువంటి అధికారిణిని మళ్ళీ చూడబోము.

నిన్న వెళ్ళాను. సుబ్బారావు గారు అదే కుర్చీలో, అవే వెదుళ్ళ కింద పేపరు చదువుతున్నారు. పైనుంచి పొట్టు రాలుతోంది. ఆయన సణగలేదు, కుర్చీ జరపలేదు.