పిచ్చమ్మ చేతి వాత

బేస్తవారిపేట చుట్టుపక్కల గొర్రెల మందలున్న ఏ ఇంట్లో అడిగినా పిచ్చమ్మ పేరు చెబుతారు. జీవం కుంటితే పిచ్చమ్మ, మనిషికి నడుం పట్టేస్తే పిచ్చమ్మ. పొయ్యిలో ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి, నొప్పి ఉన్నచోట ఇలా తాకించి అలా తీసేది. ఆనక వేపనూనెలో పసుపు కలిపి పూసేది. "గొర్రెకైతే కాళ్లు కట్టాల, మనిషికైతే కబుర్లు చెప్పాల" అని నవ్వేది. ఆమె లెక్కలో రెంటికీ అంతే తేడా.

చేతివాసి అంటారే, అది ఆమెకుందని ఊరంతా నమ్మింది. ఊరి సంగతి అలా ఉంచండి, ఆమే నమ్మింది. ఆ నమ్మకం పుట్టింది కన్నకూతురు మల్లి మోకాళ్ల దగ్గర.

మల్లికి పదకొండేళ్లప్పుడు గొంతు నొప్పి వచ్చింది. మిరియాల కషాయం తాగిస్తే తగ్గింది. గొంతు నొప్పికి ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లెవరు, మీరే చెప్పండి? కొన్నాళ్లకు జ్వరం తగిలి, ఒక మోకాలు పొంగింది. అది తగ్గీ తగ్గకముందే రెండోది, తరువాత చీలమండ. పిల్ల మంచం దిగలేక ఏడ్చేది. చూస్తే మంద వలస బయలుదేరే రోజులు, ఆగడానికి లేదు. పిచ్చమ్మ మల్లిని ఒళ్లో వేసుకుని, ఎడమచేత్తో గట్టిగా గుండెకు అదుముకుని, కుడిచేత్తో రెండు మోకాళ్లకూ కడ్డీ తాకించింది. మల్లి కెవ్వుమంది కానీ కదల్లేదు.

కొద్దిరోజుల్లోనే నొప్పులు ఎటుపోయాయో పోయాయి. పిల్ల మంద వెంట గొర్రెపిల్లలా గెంతింది. ఇంకేముంది, పిచ్చమ్మ పేరు కంభం దాకా పాకింది.

మల్లిని ఆ కంభం దగ్గరి రంగయ్యకే ఇచ్చారు. మందా, కాస్త చేనూ ఉన్న కుటుంబం. పిల్లాడు నిదానస్తుడు. ఇరవయ్యో ఏట మల్లి కడుపుతో ఉంది. ఐదో నెల వచ్చేసరికి నాలుగడుగులేస్తే రొప్పు. తొలిచూలుకు ఆయాసం మామూలేనని ఆడవాళ్లందరూ తేల్చేశారు, పిచ్చమ్మతో సహా. పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునే కునికేది. ఒకరోజు దగ్గితే తెమడలో రక్తపు చార కనిపించింది. రంగయ్య ఎవరి మాటా వినకుండా మార్కాపురం తీసుకుపోయాడు. పిచ్చమ్మా వెంట పోయింది.

డాక్టరు సుందరరాజు మల్లి ఎదమీద గొట్టం పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. స్కాన్ తీశాడు. రంగయ్యను మల్లి దగ్గర ఉంచి పిచ్చమ్మను వరండాలోకి పిలిచాడు.

"అమ్మా, గుండెలో నాలుగు గదులుంటాయి. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం కుడివైపు గదుల్లోకి వచ్చి, అక్కడినుంచి ఊపిరితిత్తులకు పోతుంది. గాలి నింపుకుని ఎడమవైపు పైగదిలోకి వస్తుంది. పైగదికీ కిందిగదికీ నడుమ రెండు రెక్కల తలుపుంది." అరచేతులు రెండూ కలిపి, తెరిచి చూపించాడు. "కింది గది రక్తాన్ని ఒంట్లోకి తోస్తుంది. అది మళ్లీ నిండాలంటే ఈ తలుపు బార్లా తెరుచుకోవాలి. మీ అమ్మాయికి రెక్కల అంచులు అతుక్కుపోయి సందు మాత్రమే మిగిలింది."

పిచ్చమ్మకు తమ దొడ్డి కళ్లముందు మెదిలింది. "తడిక సగమే తీస్తే జీవాలన్నీ ఆడే కిక్కిరిసిపోతాయి సారూ. ముందటివి పోలేవు, యెనకటివి ఆగవు. అట్లనేనా?"

"అట్లాగే. రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలిచిపోతోంది. అదే ఆయాసం. కడుపుతో ఉంటే ఒంట్లో రక్తం పెరుగుతుంది. మంద పెద్దదైంది, తడిక చిన్నదే." కాస్త ఆగి అడిగాడు. "ఆ మోకాళ్ల మీద మచ్చలేమిటమ్మా?"

"నేను పెట్టిన వాతలే సారూ. చిన్నప్పుడు కీళ్లు పొంగినాయి. నా చేయి తగిలినాక లేసి గెంతింది." అంత దిగులులోనూ ఆమె గొంతులో గర్వం తొంగిచూసింది.

"అంతకుముందు గొంతు నొప్పి వచ్చిందా?"

"వచ్చింది."

డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "దాంతోనే మొదలైందమ్మా. గొంతులో చేరిన పురుగుతో పోరాడబోయి, ఒళ్లు తన కీళ్లనూ గుండె తలుపునూ కూడా దెబ్బతీసుకుంటుంది. కీళ్ల నొప్పి వాత పెట్టినా పోతుంది, పెట్టకపోయినా పోతుంది. గుండెకు తగిలిందే ఉండిపోతుంది. అప్పుడే సూదిమందు మొదలుపెట్టి ఉంటే..." మంచి మనిషి, మిగతాది అనలేదు. అనకపోయినా పిచ్చమ్మకు వినబడింది.

గుంటూరు పెద్దాసుపత్రిలో మల్లి తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం గుండె దాకా పంపి, తలుపు దగ్గర బుడగ ఊది అతుకులు విడదీశారు. మల్లి గండం గడిచింది. నెలలు నిండి ఆడపిల్లను కన్నది. అనురాధ అని పేరు పెట్టుకున్నారు. అప్పటినుంచి మల్లికి మూడు వారాలకోసారి సూదిమందు. తలుపు మళ్లీ పాడవకుండా అని చెప్పారు, మల్లికి అంతవరకే తెలుసు. మోకాళ్ల రోగం వేరు, గుండె రోగం వేరు అనుకుంది. మొదటిది అమ్మ మాన్పింది, రెండోది డాక్టర్లు మాన్పారు.

పిచ్చమ్మ ఆమె భ్రమ తీర్చలేదు. కడ్డీని చూరులో దోపేసింది. ఎవరైనా వస్తే చేయి వణుకుతోందని పంపేసేది. కూతురికి చెప్పాలని ఎన్నిసార్లు నోరు తెరిచిందో! ప్రతిసారీ మాట మార్చేసేది. ఆమెకు సిగ్గు కాదు, భయం. ఇది విన్నాక మల్లి తనను అమ్మా అని పిలవదేమోనని భయం.

అనురాధకు ఏడేళ్లొచ్చాయి. ఒక పొద్దున మల్లి పిల్లను భుజానేసుకుని బస్సు దిగి పుట్టింటికి వచ్చింది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది, మోకాలు బూరెలా పొంగి ఉంది.

"నాకొచ్చినట్లే వచ్చిందిమా. ముందు గొంతు నొప్పి, ఇప్పుడు కాలు. మీ అల్లుడు ఆస్పత్రి అన్నాడు. మా అమ్మ చేయి ఉండంగ ఆస్పత్రేంది అని నేనే ఇట్ల తెచ్చినా." చెబుతూనే చూరులోంచి కడ్డీ లాగి పొయ్యిలో పెట్టింది.

"నా చేయి వణుకుతాందే."

"పిల్లను నేను పట్టుకుంటాలే. నువ్వు తాకించు, చాలు."

కడ్డీ ఎర్రబడింది. అనురాధ దాన్ని చూసి తల్లి మెడను కావలించుకుంది. పిచ్చమ్మ చెంబెత్తి నీళ్లు పొయ్యిలో గుమ్మరించింది. బుస్సుమని ఇల్లంతా పొగ.

"ఏందిమా ఇది?"

"నీ నొప్పి నా వాతకు తగ్గలా తల్లీ. దానంతటదే తగ్గింది. నీ గుండె తలుపు మూసుకపోయింది ఆ జరంతోనే. ఆ పొద్దే నిన్ను ఆస్పత్రికి తీసకపోయింటే సూదితో ఆగుండేదేమో. డాక్టరు నాకు చెప్పినాడు."

"ఎప్పుడు చెప్పినాడు?"

"ఈ పిల్ల నీ కడుపులో ఉన్నప్పుడు."

మల్లి పిల్లను దగ్గరికి లాక్కుంది. "తెలీక కాల్చినావు, దానికేమనను. తెలిసినాక చెప్పకపోతివే! ఇప్పుడు నా పిల్లను నేనే కాలుస్తుంటి కదమ్మా." అని పిల్లను ఎత్తుకుని గడప దాటింది. పిచ్చమ్మ చెప్పుల్లేకుండా వెనకే పరిగెత్తింది.

మార్కాపురం బస్సులో మల్లి ముందు సీట్లో, తల్లి వెనక సీట్లో.

సుందరరాజు పిల్ల గుండె విన్నాడు, స్కాన్ చూశాడు. "తలుపు బాగానే ఉంది. తొందరగా తెచ్చారు. ఇప్పుడే సూదిమందు మొదలుపెడదాం" అన్నాడు. మల్లి అక్కడే నేలమీద కూలబడి ఏడ్చేసింది. పిచ్చమ్మ తలుపు దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కూతురి దగ్గరికి పోయే ధైర్యం లేదు.

నర్సు సూది సిద్ధం చేసింది. మందు చిక్కటిది, సూది లావుది, కదిలితే కష్టమని చెప్పింది. అనురాధ కాళ్లు తన్నుకుంటోంది. మల్లికి పట్టు చిక్కడం లేదు. తల తిప్పి వెనక్కి చూసింది.

"ఆడ నిలబడినావేందిమా? రా. నువ్వు పట్టుకో. నీ చేతుల్లోనైతే కదలదు."

పిచ్చమ్మ వచ్చి మనవరాలిని ఎడమచేత్తో గుండెకు అదుముకుంది. అనురాధ కెవ్వుమంది కానీ కదల్లేదు.