మగ్గాలకు సెలవున్న రోజు పరీక్ష

గద్వాలలో నా ఉద్యోగం పేరు అనువాదకుడు. పని ఎక్కువభాగం కూర్చోవడం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఇంగ్లీషులో ఎం.ఏ. పూర్తిచేసి వనపర్తిలో మా ఇంటి అరుగు కదిలిపోకుండా కాపాడుతున్న కాలంలో ఆ కబురు వచ్చింది. గద్వాలలో చేనేత శిక్షణ కేంద్రం పెట్టారు, బయటి దేశాల నుంచి విద్యార్థులు వస్తున్నారు, వాళ్ళకూ నేతగాళ్ళకూ మధ్య మాట అందించే మనిషి కావాలి. అరుగు నన్ను ఆపలేదు.

పొద్దున వనపర్తిలో బస్సెక్కితే పెబ్బేరు దాటేసరికి నిద్ర పట్టేది. బీచుపల్లి వంతెన మీద మెలకువ వచ్చేది. చలికాలం పొద్దుల్లో కృష్ణ కనిపించేది కాదు. మంచులో వంతెన ఒక్కటే, రెండు కొసలూ లేకుండా తేలుతుండేది. లేచానో, కలలో రెండో భాగం మొదలైందో తేల్చుకునేలోగా ఎర్రవల్లి చౌరస్తా వచ్చేది. గద్వాలలో దిగాక కూడా ఆ తేలిక వదిలేది కాదు. నేతగాళ్ళ వీధిలోకి తిరిగితే ఇళ్ళకన్నా ముందు మగ్గాలు వినపడేవి. ఒక ఇంట్లో టక్కుమంటే పక్కింట్లో మగ్గం జవాబు చెప్పేది. ఎదురింటిది వాళ్ళిద్దరి మాటా కాదనేది. ఇప్పటికీ మధ్యాహ్నపు కునుకులో నాకు ఆ వీధి వస్తూ ఉంటుంది. మొహాలు సగం చెరిగిపోయాయి. చప్పుడు మాత్రం కొత్తగానే ఉంది.

ఆ ఏడు వచ్చిన విద్యార్థుల్లో కొందరు అద్దకం వైపు, కొందరు డిజైన్లు గీసే వైపు పోయారు. కడదాకా మగ్గం మీద నిలిచినవాడు ఒక్కడే. ఇథియోపియా మనిషి, ముప్పై దాటినవాడు, మా గుమ్మాల ఎత్తు చాలనివాడు. కేంద్రం వాళ్ళు ఆయన్ను ఆ వీధిలోనే ఒక పెద్దాయనకు అప్పగించారు. పెద్దాయన అరవై దాటిన నేతగాడు. ఇంట్లో ఆయనా, ఆయన భార్యా. వీధంతా ఆమెను అవ్వ అంటుంది.

గద్వాల మగ్గం గుంత మగ్గం. నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని నేస్తారు. దీన్ని విదేశీయుడికి ఎలా వివరించాలా అని నేను బస్సులో వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. మొదటిరోజు ఆయన గుంత చూసి, నవ్వి, చెప్పులు విడిచి, ఎవరూ చెప్పకముందే దిగి కూర్చున్నాడు. వాళ్ళ ఊళ్ళోనూ గుంతేనట. తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ ఏడాది నా ఉద్యోగం చాలావరకు ఆ పద్ధతిలోనే సాగింది. నా ఇంగ్లీషు వనపర్తిది, ఆయన ఇంగ్లీషు అడిస్ అబాబాది. రెండూ ఎక్కడో సముద్రం నడుమ కలుసుకోవాలి. వాటికోసం ఎదురుచూడకుండా పెద్దాయన పాలమూరు తెలుగులోనే చెప్పేవాడు, శిష్యుడు చేతులతో వినేవాడు. వర్షాకాలం వెళ్ళేసరికి ఆయనకు తెలుగు వచ్చేసింది. నాకు మాత్రం నేత రాలేదు.

గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండు పోగులూ అటూ ఇటూ పరిగెత్తే వేరు వేరు నాడెల్లో వస్తాయి. కలిసే గీత దగ్గర ప్రతి పోగునూ ఒకదానిలో ఒకటి కొక్కెం వేసినట్టు వేళ్ళతో పెనవెయ్యాలి. దాన్ని కుప్పడం అంటారు. పట్టు గట్టిగా లాగితే అంచు ముడుచుకుంటుంది, వదులైతే తెరుచుకుంటుంది. పైకప్పు పెంకుల సందుల్లోంచి ఎండ కడ్డీల్లా దిగి ఆ గీత మీద పడేది. శిష్యుడి వేళ్ళు ఆ వెలుగులోకి వచ్చి, పోయి, మళ్ళీ వచ్చేవి. చూస్తూ చూస్తూ నేను ఎన్నిసార్లు నిద్రపోయానో అవ్వ దగ్గర లెక్క ఉండేది. "సారు ఇంగ్లీషుల పండుకుండు" అనేది.

ఒక సాయంత్రం టీ తాగుతూ ఆయన తన సంగతి చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో నేత బడి ఒకటుంది. అందులో ఆయన గేటు దగ్గర కాపలా మనిషి. నేతగాళ్ళ ఇంట్లోనే పుట్టాడు గానీ బడిలో పని దొరికింది గేటు దగ్గరే. ఇంత దూరం రావడానికి లోపలివాళ్ళెవరూ ఇష్టపడకపోతే ఈయన్ను పంపారు. ఇక్కడి కేంద్రం రెండు రకాల పట్టాలు ఇస్తుంది. ఒకటి, శిక్షణ పూర్తయిందని. రెండోది, ఉత్తమమని, నేర్పడానికి అర్హుడని. రెండోది చేతిలో ఉంటే లోపల పంతులు. మొదటిదైతే మళ్ళీ గేటు.

"గేటు మంచిదే" అన్నాడు. "కాకపోతే మగ్గాల చప్పుడు వింటూ బయట నిలబడాలి."

రెండో పట్టాకు హైదరాబాదు నుంచి పరీక్షకులు రావాలి. వాళ్ళ కళ్ళముందు ఆయన మగ్గం మీద నేసి చూపించాలి. తేదీ పెట్టే బాధ్యత మా సూపర్వైజర్ మీద పడింది. ఆయన నాగర్‌కర్నూల్ నుంచి బదిలీ మీద వచ్చిన మంచి మనిషి. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు కుర్చీలు ఖాళీగా ఉండకూడదన్నదే ఆయన భయం. నన్ను వెంటబెట్టుకుని వీధిలోకి వెళ్ళాడు.

"హైదరాబాదు సార్లు వస్తుండ్రు. మీటింగు నిండుగుండాలె. మీరందరు ఏ దినం ఖాళీగుంటరు?"

"మాకు ఖాళీ ఏడిది సారూ" అన్నారు నేతగాళ్ళు. "అమాసనాడు తప్ప."

"మరి అమాసనాడే పెడ్దామా?"

"పెట్టుండ్రి. అందరం వస్తం."

అంత సులువుగా అందరూ ఒప్పుకున్న తీర్మానం నా ఉద్యోగ జీవితంలో ఇంకొకటి లేదు. పెద్దాయన తల ఊపాడు. నేనూ ఊపాను. అమావాస్యనాడు వాళ్ళు ఎందుకు ఖాళీగా ఉంటారన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. నెలకొకసారి ఆ వీధి మగ్గం తొక్కదు. గుంత ఊడ్చి, అలికి, నాడెకు పసుపూ కుంకుమా పెట్టి, ఊదుబత్తి వెలిగించి దాని మానాన దాన్ని వదిలేస్తారు. ఇది అందరికీ ఎంత బాగా తెలుసంటే, ఎవరికీ గుర్తు రానంత బాగా తెలుసు.

ఆ రోజు షామియానా వేశారు. కుర్చీలు నిండాయి. హైదరాబాదు నుంచి ఒక ఆఫీసరూ, ఒక పెద్దావిడా వచ్చారు. ఆవిడ ఇంకో ప్రాంతపు నేతగాళ్ళ ఇంటి బిడ్డ, నేత బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పంతులమ్మ. దండలు, ఉపన్యాసాలు అయ్యాయి. ఆఫీసరు వాచీ చూసుకుని, "ఇక నేత చూద్దామా" అని లేచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"అవునూ, నేతగాళ్ళ వీధి అన్నారు. చప్పుడేదీ?"

అప్పుడు విన్నాం, ఆ లేని చప్పుడు. అమావాస్యకు నాకూ సెలవే కాబట్టి, నేను ఆ వీధిని అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ చూడలేదు. కళ్ళు తెరుచుకునే నిద్రపోతున్నట్టుంది. ఎక్కడో గిలక మీద బొక్కెన దిగింది. సూపర్వైజర్ మొహం మీద ఒక్కో అక్షరం చొప్పున అర్థం దిగింది.

"నాగర్‌కర్నూల్ల అమాస రాదా సారూ?" అంది అవ్వ, చాలా మర్యాదగా.

పెద్దాయన ముందుగా తేరుకున్నాడు. శిష్యుడి భుజం మీద చెయ్యేశాడు. "దిగు బిడ్డా. నెయ్యి. ఏం గాదు. తప్పైతే నాకైతది."

ఆయన కదల్లేదు. "నేను నెయ్య తాతా."

"ఎందుకు నెయ్యవు?"

"అమాస."

"అమాస మాదిరా!"

"మగ్గం గూడ మీదే."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "సారూ, జర నువ్వన్న చెప్పు. గేటు కాడికి పోతడంట, చెప్పు."

చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. వాళ్ళ దగ్గరా నెలనెలా కొన్ని దేవుడి రోజులుంటాయని, ఆ రోజు నేసిన గుడ్డను వాళ్ళమ్మ గడప దాటనివ్వదని చెప్పాడు. ఇక్కడ ఏడాదిగా అమావాస్యనాడు ఈ గుంత తనే అలికాడట. పొద్దున తను పెట్టిన బొట్టును తన కాలితోనే ఎలా కదిలించడమని అడిగాడు. గేటు సంగతి ఆయన మరిచిపోలేదు. చెబుతున్నంతసేపూ చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటూనే ఉన్నాయి.

ఆఫీసరుకు విసుగు వచ్చింది. "ఈ నమ్మకాలతో మాకు పని లేదండీ. ఇప్పుడు నేస్తే చూస్తాం. లేకపోతే శిక్షణ పూర్తయిందని రాసి వెళ్తాం. చీకటి పడకముందే మేం బయల్దేరాలి."

"చీకటి పడితే ఏమైతది సారూ?" అన్నాడు పెద్దాయన.

జవాబు డ్రైవర్ నుంచి వచ్చింది. పాపం, సాయం చేద్దామనే అన్నాడు. "అమావాస్య పూట సార్ రాత్రి ప్రయాణం చెయ్యరు."

పెద్దాయన బండి వైపు చూశాడు. "అయితే మీ బండికున్న అమాస మా మగ్గానికుండదా సారూ?"

ఎవరూ నవ్వలేదు, పైకి. పంతులమ్మ మాత్రం పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆఫీసరుతో, "మీరు వెళ్ళండి. నేను రేపు పొద్దున చూసి బస్సులో వస్తాను. నేను రాసిందాని కింద సంతకం పెడుదురు గాని" అంది. ఆయన ఒప్పుకున్నాడు. పొద్దు ఇంకా నడినెత్తి దిగకముందే బండి ఎర్రవల్లి వైపు పోయింది. మంచి ముహూర్తమే అయుండాలి.

ఆ మధ్యాహ్నం చాలా పొడుగ్గా ఉండింది. షామియానా నీడలో నేతగాళ్ళు గోడలకు ఆనుకుని కూర్చున్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో తెలియనట్టు. పంతులమ్మ అవ్వ దగ్గర చేరి చింతపండు గింజలు తీస్తోంది. శిష్యుడు గడపలో కూర్చుని లోపల మగ్గాన్ని చూస్తున్నాడు. బొట్టు పెట్టిన నాడె మీద పెంకు సందు వెలుగు మెల్లగా జరుగుతోంది. మేమందరం ఏదో లోతైన నీళ్ళ అడుగున కూర్చున్నామని, పైన ఎవరో ఎప్పుడో పిలుస్తారని అనిపించింది నాకు.

"ఆమెకు కోపం వచ్చిందా?" అని అడిగాడు, పంతులమ్మను చూపించి.

"తెల్వదు" అన్నాను. ఏడాదిలో నేను చేసిన కచ్చితమైన అనువాదం అదే.

ఆ రాత్రికి వనపర్తి పోలేదు. పొద్దున వీధి ఒక్కసారిగా మేల్కొంది. ముందు దూరంగా ఒక మగ్గం, తర్వాత రెండు, తర్వాత గోడలన్నీ. ఆయన గుంతలోకి దిగాడు. దండం పెట్టుకున్నాడు. నేశాడు. పంతులమ్మ పక్కన పీట వేసుకుని చూసింది. నూలు వచ్చింది, పట్టు వచ్చింది, వేళ్ళు రెంటినీ కలిపి వదిలాయి. గీత నిటారుగా పెరిగింది. చాలాసేపయ్యాక ఆవిడ చెయ్యెత్తింది.

"నేతగాణ్ణి చూశాను. పంతుల్ని చూడాలి. జరుగు."

పమిట నడుముకు దోపి, గుంతలోకి కాళ్ళు దించింది. "మా వైపు నేతలో ఈ పెనవెయ్యడం లేదు. నాకు రాదు. నేర్పు."

సూపర్వైజర్ నా వైపు చూశాడు, అనువదించమని. ఆలోపే పాఠం మొదలైంది.

"గట్ల గాదు తల్లీ. పట్టును గుంజకు. అట్ల పిలువు, అదే వస్తది."

ఆవిడ గుంజింది. అంచు ముడుచుకుంది. ఆయన ఆ పోగును వెనక్కి తీశాడు.

"ఏంది తొందర? ఎనుక ఎవరన్న తరుముతుండ్రా? జర నిదానం. చెయ్యిని చూడకు, గీతను చూడు."

హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షకురాలిని అలా గదమాయిస్తుంటే సూపర్వైజర్ తువ్వాలుతో మొహం ఒకసారి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. మూలన అవ్వ పెద్దాయన్ను మోచేత్తో పొడిచింది.

"నీ నోరే. అచ్చం నీ నోరే."

"నేను గింత మెల్లగ చెప్పిన్నా?"

"నువ్వా? నువ్వు మొత్తుకున్నవు."

పెద్దాయన అటు తిరిగాడు. గోడకు తగిలించిన నూలు కండెల బుట్టను దించి, అందులో ఏమీ వెతక్కుండానే వెతికాడు.

ఆవిడ వేళ్ళు తడబడ్డాయి, తీశాయి, మళ్ళీ వేశాయి. ఆయన ఇక మాట్లాడ్డం మానేశాడు. ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా పాఠంలో భాగమేనేమో. ఒకచోట నూలూ పట్టూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. ఆవిడకు తెలిసింది. బట్ట అంచు పైకెత్తి అడుగువైపు చూసింది. చిన్నపిల్లలా నవ్వింది.

"దీన్ని విప్పెయ్యనా? మీ చీర కదా, పాడైపోతుంది."

ఆయన వంగి గీత మీద గోరు నడిపించాడు. "వద్దు తల్లీ. మంచిగున్నది. ఉండనీ."

ఆవిడ గుంతలోంచే నా వైపు తలెత్తి, "నేర్పడానికి అర్హుడని రాస్తున్నాను. ఆయనకు చెప్పండి" అంది.

ఆయనకు తెలుగు వచ్చని ఆవిడకు తెలుసు. అయినా ఉద్యోగధర్మంగా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కడదాకా విన్నాడు. చేతులు నలపడం ఆగింది. ఇంకోసారి చెప్పమన్నాడు. ఈసారి తెలుగులో, తాతకు వినపడేటట్టు.

తెలుగులో అన్నమాటను తెలుగులోకి అనువదించాను, గొంతు పెంచి.

"ఇనపడ్డది ఇనపడ్డది" అన్నాడు పెద్దాయన, మా ఎవరి వైపూ తిరక్కుండా. "ఇగ అమ్మను లేవమను. పంతులైండు గదా, పొద్దెక్కకముందే ఇంకో బెత్తెడు నెయ్యమను."