చెక్క అరుగు మీద కల్లాపి

వెంకటేశ్వరి అరబ్బు దేశంలో, అర్దియాలోని ఆ ఇంటికి పనికొచ్చి ఆరేళ్లయింది. ఇంట్లో ఉండేది తను మామా అని పిలిచే ముసలి యజమానురాలు, తనూ ఇద్దరే. మామా భర్త బతికున్నప్పుడు పెరట్లో చెక్క అరుగు వేయించాడు. సాయంత్రాలు మామా దానిమీద కుర్చీ వేసుకుని టీ తాగేది. వెంకటేశ్వరి అంచున కాళ్లు వేలాడేసుకుని కూచునేది. పక్కన ఓ మనిషి ఉందని ఆమెకు అనిపించేది ఆ అరగంటే.

పోయిన నెల అరుగు పలక విరిగి మామా కాలు లోపలికి దిగింది. మడమ వాచింది. కొడుకు వచ్చి ఆమెను అహ్మదిలో తన ఇంటికి తీసుకుపోయాడు.

"ఈ చెక్కలన్నీ పీకించేస్తా. అమ్మ ఇక నా దగ్గరే, ఖలాస్," అన్నాడు.

వెంకటేశ్వరి నోరు తెరిచి అడిగే మనిషి కాదు. ఆ రోజు అడిగింది. "బాబా, నేను బాగుచేస్తా. గట్టిగా ఉంటే మామాను పంపిస్తారా?"

అతను నవ్వాడు. "వచ్చే శుక్రవారం వస్తాం. చూద్దాం."

నూర్ బాషాది కూడా ఆమె ఊరు రాయచోటే. షువైఖ్‌లో చెక్కల దుకాణంలో పని. ఫోన్ చేస్తే పలకలూ మేకులూ బండిలో వేసుకొచ్చాడు. పాత పలకను అతను గోటితో గీకితే తడిసిన అటుకుల మాదిరి రాలింది.

"ఏమక్కా, వానల్లేని దేశంలో ఇదెట్ల కుళ్లింది? నీళ్లు గాని పోస్తాంటివా?"

"పొద్దున్నే కల్లాపి సల్లి ముగ్గేస్తాంటి."

"చెక్కమింద కల్లాపా! రాయచోటిలో మట్టి వాకిలి అనుకుంటివా తల్లీ?" బాషా పగలబడి నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. మామా కాలు విరగ్గొట్టబోయింది తనేనని అప్పుడు తెలిసింది.

"పలకకూ పలకకూ నడుమ చిటికెనేలు పట్టేంత సందు ఇడ్సు. గాలాడల్ల," అని చెప్పి బాషా వెళ్లిపోయాడు.

అయిదు రోజులు, ఎండ ఎక్కకముందు కాస్త, ఎండ దిగాక కాస్త పని చేసింది. తుప్పు మేకులు పీకింది. కింద మెత్తబడ్డ దూలాలు రెండు మార్చింది. పలక కోసేటప్పుడు రెండో కొస పట్టుకునేవాళ్లు లేరు. కల్లాపి బకెట్టు బోర్లించి దానిమీద ఆనించుకుంది. ప్రతి సందులోనూ చిటికెన వేలు పెట్టి చూసుకుంది.

శుక్రవారం కొడుకు బూట్లతోనే అరుగెక్కి రెండుసార్లు దూకాడు. కిర్రుమనలేదు. మామా కర్ర పట్టుకుని వచ్చి తన కుర్చీలో కూచుంది.

వెంకటేశ్వరి వచ్చీరాని అరబ్బీలో చెప్పింది. "మామా, తప్పు నాది. రోజూ నీళ్లు చల్లింది నేనే."

"తెలుసు. కిటికీలోంచి చూసేదాన్ని. చెక్క పాడవుతుందనీ తెలుసు."

"మరి ఒక్కసారన్నా చెప్పలేదే!"

"అది నీ నమాజు అనుకున్నా. నమాజు చేసుకునేవాళ్లను ఎట్లా ఆపను?"

కొడుకు కారు తాళాలు ఆడించాడు. "గట్టిగానే వేశావు. అమ్మ కాలు బాగవ్వనీ, పంపిస్తా. యల్లా, పోదాం అమ్మా."

"నా కుర్చీ ఇక్కడే ఉండనీ," అంది మామా లేస్తూ.

మర్నాడు పొద్దున వెంకటేశ్వరి బకెట్టుతో అరుగు దాకా వచ్చి ఆగింది. అరుగు దిగి, ముందున్న ఇసుకలో చల్లింది. ముగ్గు పూర్తయ్యేలోపే ఆ ఇసుక నీళ్లన్నీ తాగేసింది. సాయంత్రం టీ తెచ్చుకుని, కుర్చీ ఖాళీగానే ఉన్నా, తను ఎప్పుడూ కూచునే అంచునే కూచుంది.